కూర్చుని వాయించాలనుకున్న మాస్టరు

పెళ్లిలో బ్యాండువాళ్లు కూర్చుని వాయించడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. సన్నాయివాళ్లకి మండపంలో చాప వేస్తారు. పాటకచేరీవాళ్లకి స్టేజీ కడతారు. బ్యాండువాళ్లు మాత్రం నడవాలి, నిలబడాలి, గేటు రాగానే ఆగిపోవాలి. మా అన్నయ్య స్తెఫను నందిగామలో నలభై నాలుగేళ్లు బ్యాండు మాస్టరుగా బతికాడు. ఆయనకున్న కోరికల్లా ఒక్కటే. ఒక్కసారి గేటు లోపల, కుర్చీలో కూర్చుని వాయించాలి. ఎదురుగా జనం కూడా కూర్చుని, నోరు మూసుకుని వినాలి. ఇల్లు కట్టాలని లేదు, పొలం కొనాలని లేదు. ఈ కోరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో, దానికోసం పోయిన మే నెలలో ఆయనేం చేశాడో, నేనేం చేశానో చెబుతాను. నన్ను నేను వెనకేసుకు రాను. నా పేరు ప్రేమకుమారి. ముప్పై మూడేళ్లు టీచరుగా చేసి పిల్లల చేత తప్పులు ఒప్పించినదాన్ని. నా వంతు వచ్చేసరికి తప్పించుకుంటే ఏం మర్యాదగా ఉంటుంది?

మా తాత డప్పు కొట్టేవాడు. చావుకి, జాతరకి, చాటింపుకి ఊరి వాళ్లకి మా తాత డప్పు కావాలి, మా తాత మాత్రం అక్కర్లేదు. మా నాన్న బాప్తిస్మం తీసుకున్న రోజునే ఆ డప్పుని మునేరులో పారేసి వచ్చాడు. "మళ్లీ ఈ ఇంట్లో ఆ మోత వినపడిందా, చేతులు విరగ్గొడతా" అన్నాడు. చేతులు విరగ్గొడతానంటే చేతులు ఊరుకుంటాయా? అన్నయ్య అన్నం పళ్లెం మీద, బడిలో పలక మీద, ఆఖరికి నా వీపు మీద కూడా అదే దెబ్బ వేసేవాడు. నాన్న బాదేవాడు. ఈయన ఏడుస్తూ పడుకుని, చాప మీద వేళ్లతో మళ్లీ అదే.

హాస్టల్లో చేరాక అక్కడి వార్డెను కంటపడ్డాడు. పోలీసు బ్యాండులో రిటైరై వచ్చిన ముసలాయన. ఆయన దగ్గర రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్ ఉండేవి. పళ్లెం మీద దెబ్బ విని కొడతాడేమో అనుకుంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పాడట.

"ఒరే, అమెరికాలో నల్లవాళ్లున్నార్రా. వాళ్ల తాతలు బానిసలు. ఆ తాతల దెబ్బనే మనవలు మిలిటరీ బాకాల్లోకి ఎక్కించారు. దాన్ని జాజ్ అంటారు. మొదట్లో తెల్లవాళ్లు అది సారాకొట్ల పాటని ఈసడించారు. అప్పుడు వాళ్లలో ఒక బ్యాండు మాస్టరు లేచాడు. నూరుమందికి పైగా నల్లవాళ్లని వెంటేసుకుని, తెల్లదొరలు కచేరీలు వినే పెద్ద హాల్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. దొరలు ఎదురుగా కూర్చుని విన్నారు. తర్వాత యుద్ధానికి పోయి ఫ్రాన్సులో వాయిస్తే, అక్కడి జనం నడిచేవాళ్లు నడిచినట్టే ఆగిపోయారు."

"తర్వాత ఏమయ్యాడు సార్?" అని మా అన్నయ్య అడిగాడు.

"యుద్ధంలో బతికాడు గానీ, ఇంటికొచ్చాక తన డ్రమ్ములవాడే కత్తితో పొడిచాడు. పోయాడు."

అన్నయ్య ఈ సంగతి జన్మంతా చెప్పుకుంటూ తిరిగాడు. కనపడినవాడికల్లా చెప్పాడు. ఆ చివరి ముక్క మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. వార్డెను ఆ మాస్టరు పేరు కూడా చెప్పాడట. అన్నయ్యకి నోరు తిరక్క మర్చిపోయాడు. "పేరు ఏదైతేనేం కుమారీ, కూర్చోబెట్టాడా లేదా?" అనేవాడు నాతో.

అదే హాస్టల్లో చందర్లపాడు నుంచి వచ్చిన రత్నబాబు ఉండేవాడు. సన్నగా, పుల్లలా ఉండేవాడు. వార్డెను క్లారినెట్ అతని చేతిలో పెట్టాడు. అతను నాలుగేళ్లు చిన్నవాడైనా "బావా, బావా" అంటూ మా అన్నయ్య వెనకే తిరిగేవాడు. తర్వాత మా పేటలోనే ఇల్లు వేసుకున్నాడు. అతని పెళ్లాం దేవమణి మా అన్నయ్యని అన్నయ్యా అనీ, నన్ను అక్కా అనీ పిలిచేది. ఒక కడుపున పుట్టకపోయినా ఒక కంచంలో తిన్నాం.

ఇద్దరూ కలిసి జయధ్వని బ్యాండు పెట్టారు. మిగతా బ్యాండ్లకీ దానికీ ఒకటే తేడా. వీళ్ల డ్రమ్ములవాళ్లు కొన్న కర్రలతో కొట్టరు. కుడిచేత్తో లావుపాటి సిర్ర, ఎడమచేత్తో సన్నటి చిటికెన పుల్ల పట్టుకుంటారు, డప్పు కొట్టేవాళ్లు పట్టుకున్నట్టే. పాట సినిమాదే, తాళం మా తాతది. "దెబ్బ ముందు పడాల్రా, పాట దాని వెనక ఒక్క అడుగు ఆగి రావాల" అని అన్నయ్య నేర్పేవాడు. ఆ ఒక్క అడుగు ఆగడంలో ఏం మహత్తు ఉందో గానీ, వినేవాళ్లకి కాళ్లు నిలిచేవి కావు.

జగ్గయ్యపేట కోమట్ల పెళ్లిళ్లకి ఆ బ్యాండు లేకపోతే పెళ్లే కాదన్న రోజులు నేను చూశాను. మిర్చి వ్యాపారం చేసే శ్రీమన్నారాయణగారు తన కొడుకు పెళ్లిలో, పట్టుపంచె ఎగ్గట్టి నడిరోడ్డు మీద గంతులేశారు. "ఏం తాళమయ్యా స్తెఫనూ ఇది! ఎక్కడ నేర్చావు?" అని అడిగితే, "ఇంట్లోనేనండి" అన్నాడు అన్నయ్య. అంత గంతులేసినాయన కూడా హాలు గేటు దగ్గర చెయ్యెత్తి "ఇక చాలు, ఆపండి" అన్నారు. లోపల సన్నాయి మొదలైంది. బ్యాండువాళ్లకి బంతులన్నీ లేచాక పెరటి గుమ్మం దగ్గర ఆకులు వేశారు. రత్నబాబు సాంబారు పోసుకుంటూ, "పాట ఇంట్లోకి పోయింది బావా, మనమే బయటున్నాం" అని నవ్వాడట. నాకైతే ఒళ్లు మండేది. "ఆ గుమ్మం దగ్గర తినకపోతే చస్తారా?" అని అరిచేదాన్ని. అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు.

బ్యాండుకి ఆయన పెట్టిన నియమం ఒకటుంది. పేటలో శవం లేస్తే బ్యాండు లేవాలి. ఎంత పెద్ద పెళ్లి ఒప్పుకున్నా సరే, ముందు మన చావు. ఇంటి నుంచి సమాధులదొడ్డి దాకా పెట్టె ముందు నడిచి, క్రైస్తవ కీర్తనలు నిదానంగా వాయించి, మట్టి వేసేదాకా ఉండాలి. బీదా గొప్పా లేదు. మా అమ్మకి వాయించాడు, కళ్లనీళ్లు కారుతున్నా ఊపిరి తప్పకుండా వాయించాడు. వార్డెనుకి వాయించాడు. మా పేటలో ముసలివాళ్లు జబ్బు పడితే "స్తెఫను ఉన్నాడుగా, పర్లేదులే" అనుకునేవాళ్లు.

తర్వాత డీజేలు వచ్చాయి. ఒక లారీ, రెండు నల్ల డబ్బాలు, ఒక కుర్రాడు; అంతే పెళ్లి. ముప్పై ఇద్దరున్న బ్యాండు పన్నెండుమందికి దిగింది. కొందరు ఆటోలు కొనుక్కున్నారు, కొందరు చిల్లకల్లు వైపు హోటళ్లలో కూలికి కుదిరారు. పైగా గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు రత్నబాబుకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు బెజవాడ తీసుకెళ్లి రక్తం కడిగించాలి. క్లారినెట్ గోడకెక్కింది.

అలాంటి రోజుల్లో, ఏప్రిల్ మొదట్లో, శ్రీమన్నారాయణగారి కారు మా పేటలో ఆగింది. డెబ్భై అయిదేళ్ల మనిషి. చెవిలో మిషను. అన్నయ్య కుర్చీ వేస్తే కూర్చుని, పెద్ద గొంతుతో మాట్లాడారు.

"మా మనవరాలు నిఖిత పెళ్లోయ్, మే నెల్లో. కుర్రాళ్లు ఏదో డీజే అంటున్నారు. నాకు నువ్వే కావాలి. మా అబ్బాయి పెళ్లి గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదండి?"

"ఈసారి రోడ్డు మీద కాదు. లోపలే. ముహూర్తానికి ముందు స్టేజీ మీద కూర్చుని అరగంట వాయించు. అందరం కూర్చుని వింటాం. సరేనా?"

 అన్నయ్యకి వినపడలేదేమో అనుకుని ఆయన ఇంకా గట్టిగా చెప్పారు. అన్నయ్య రెండు చేతులూ జోడించి అలాగే నిలబడిపోయాడు. శ్రీమన్నారాయణగారి మనసులో ఏ కల్మషం లేదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. పెద్దాయన నిజంగానే వినాలనుకున్నారు.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లు కాదు. అన్నయ్య కాపురం రత్నబాబు మంచం పక్కనే. అరగంటకి సినిమా పాటలొద్దు, మనదే ఒకటి కడదాం అన్నాడు రత్నబాబు. డయాలిసిస్ సూదుల చేత్తోనే గ్రేసీ పాత నోటుబుక్కుల్లో సరిగమలు రాసేవాడు. గ్రేసీ అతని కూతురు, హైదరాబాదులో నర్సు. ఆ పాట సమాధులదొడ్డికి నడిచే నడకతో మొదలై, మెల్లగా కాళ్లు తేలికపడి, చివరికి పెళ్లి నడకలోకి వస్తుంది. నేను విన్నాను. సంగీతం నాకేం తెలుసు? అయినా వింటుంటే మా నాన్న మునేరులో పారేసిన డప్పు గుర్తొచ్చి లోపలికెళ్లి ఏడ్చాను. "నేను రాలేను బావా. నా పాట లోపలికి పోతే చాలు" అన్నాడు రత్నబాబు. వాళ్లిద్దరికీ ఇంకో ఆలోచన లేదు.

పెళ్లి గురువారం పొద్దున. బుధవారం సాయంత్రం అయిదు గంటలకి రత్నబాబు చనిపోయాడు.

రాత్రికి గ్రేసీ బయల్దేరింది, తెల్లారేసరికి వస్తుంది. పాస్టరుగారు గురువారం పదకొండింటికి సమాధి అన్నారు. మే ఎండల్లో అంతకన్నా ఆపే అలవాటు మా వైపు లేదు. అందరూ అన్నయ్య వైపు చూశారు. నియమం ఆయనదే కదా. పెళ్లి వాళ్లకి ఫోన్ చేసి రాలేమని చెబుతాడనే నేనూ అనుకున్నాను.

అన్నయ్య దేవమణి ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, పొద్దున్నే వెళ్లి వాడి పాట వాయించి ఒంటిగంటకల్లా వచ్చేస్తాం. మూడింటికి వాణ్ణి తీసుకెళదాం. అప్పటిదాకా ఆపు."

పేట పెద్దలు గొణిగారు. ఒకాయన పైకే అన్నాడు: "సగంమందిని ఇక్కడ వదిలెయ్ స్తెఫనూ. సగంమందితో అక్కడ కానిచ్చుకో."

"ఆరుగురితో స్టేజీ ఎక్కితే అది వాడి పాట ఎట్టా అవుద్ది? వాడు పన్నెండుమందికి కట్టాడు. రెండుచోట్లా పన్నెండుమందీ ఉంటారు. నాదీ పూచీ."

దేవమణి అందరి వైపూ కాదు, నా వైపు చూసింది. నేను తల ఊపాను. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, కూడదంటే అక్కడితో ఆగేది. నాకూ మా అన్నయ్యని కుర్చీలో చూడాలని ఉంది. దేవమణి కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయన పాట కోసవేగా. ఆపుతా అన్నయ్యా" అంది. ఐసు పెట్టె తెప్పించారు.

పొద్దున ఎనిమిదికి వ్యానులో జగ్గయ్యపేట చేరాం. నేనూ ఎక్కాను, ఫోన్లు పట్టుకునే మనిషి కావాలని వంక పెట్టి. ఫంక్షన్ హాలు స్టేజీ మీద, పెళ్లి పీటలకి కుడిపక్కన, బంగారు రంగు కుర్చీలు పన్నెండు వేసి ఉన్నాయి. అన్నయ్య వాటిని చూసి మెట్ల దగ్గరే చెప్పులు విప్పేశాడు. తలలో ఎన్నాళ్లుగానో మోస్తున్నది కళ్లెదుట కనపడితే మనిషి ఎలా అయిపోతాడో ఆ రోజు చూశాను. ఒక్కొక్క కుర్చీని చేత్తో తడిమాడు.

శ్రీమన్నారాయణగారి మనవడు వినయ్ వచ్చాడు. ఏర్పాట్లన్నీ అతనివే. మంచి పిల్లాడే, నమస్కారం పెట్టాడు. ఎర్రకోట్లు తెప్పించి అందరికీ తొడిగించాడు. తర్వాత, కాఫీ తాగారా అని అడిగినంత మామూలుగా అన్నాడు: "అంకుల్, మీరు ఊదక్కర్లేదు. రెట్రో బ్యాండ్ ట్రాక్ రెడీగా ఉంది, స్పీకర్లలో వస్తుంది. మీరు నోటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ ఊగండి చాలు."

"ఊదొద్దా బాబూ?" అన్నాడు అన్నయ్య.

"అస్సలొద్దంకుల్. లైవ్ అంటే రిస్కు. వీడియోలో సౌండ్ క్లీన్‌గా రాదు."

"తాతగారు అరగంట వాయించమన్నారు బాబూ. ఒక పాట కట్టుకొచ్చాం."

వినయ్ గడియారం చూసుకున్నాడు. "తాళి కట్టాక పది నిమిషాలు మీకిస్తానంకుల్. ప్రామిస్."

లేచి వచ్చేయొచ్చు. ఇప్పుడు ఎన్నిసార్లు అనుకున్నా ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఆ పది నిమిషాల మాట పట్టుకుని అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. మిగతా పదకొండుమందీ కూర్చున్నారు. స్పీకర్లు మోగాయి. మిషను డ్రమ్ములు, మిషను బాకాలు. మా అన్నయ్య ట్రంపెట్ పెదాలకి ఆనించి, బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి ఊగాడు. అరవై ఆరేళ్ల మనిషి. సైడు డ్రమ్ము కొట్టే అతను తట్టుకోలేక సిర్ర పైకెత్తాడు. అన్నయ్యే కళ్లతో ఆపాడు. నేను మూడో వరసలో కూర్చుని చూశాను. నా చుట్టూ ఎవరూ నోరు మూసుకోలేదు. ఒకావిడ ఐస్‌క్రీమ్ ఎక్కడ పెట్టారని నన్ను అడిగింది.

తాళి కట్టారు. పదకొండున్నరకి దేవమణి ఫోన్. "అక్కా, వాయించారా?" "ఇంకో గంటమ్మా" అన్నాను. వినయ్ ఏమో "ఫొటోలయ్యాక ఇస్తా" అన్నాడు.

పన్నెండున్నరకి మళ్లీ ఫోన్. "అక్కా, కరెంటు పోయింది." "ఇదుగో, ఫొటోలైపోయాయి. ఇంకో గంట." ఈసారి వినయ్ "భోజనాలయ్యాక" అన్నాడు. పన్నెండుమందినీ మళ్లీ ఊగమన్నారు, భోజనాల వీడియో కోసం.

ఒకటీ ముప్పావుకి. "అక్కా, పెట్టె కిందినుంచి నీళ్లు కారతన్నయ్. పాస్టరుగారు కోప్పడతన్నారు." నేను స్టేజీ పక్కకి వెళ్లి అన్నయ్యతో చెప్పాను. "పోదాం పద అన్నయ్యా. సిగ్గులేదా మనకి?" అన్నాను. ఆయన నా మొహం చూడలేదు. "ఇంతసేపు ఆపి, వాయించకుండా పోతే వాడికేం చెప్పను కుమారీ? పది నిమిషాలే కదా" అన్నాడు. నేను బయటికొచ్చి ఫోన్లో, "వచ్చేస్తున్నామమ్మా, ఇంకో గంట" అన్నాను. నేనే అన్నాను.

శ్రీమన్నారాయణగారు చుట్టాల నుంచి విడిపించుకుని ఎలాగో స్టేజీ దగ్గరికి వచ్చారు. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. "స్తెఫనూ, అదరగొట్టావయ్యా! పొద్దుట్నుంచీ వింటున్నా. అదే తాళం! లోపల కూర్చోబెడతానన్నాను, కూర్చోబెట్టానా లేదా?" ప్రపంచంలో ఆ బ్యాండు వినాలని కోరుకున్న ఒకే ఒక్క పెద్దమనిషికి తేడా తెలియలేదు. అన్నయ్య లేచి నిలబడి, "కూర్చోబెట్టారండి" అన్నాడు.

రెండున్నరకి నాలుగోసారి మోగింది. ఈసారి గ్రేసీ. "అత్తా, నాన్నని తీసుకెళ్లిపోతున్నాం. ఇంక ఉంచలేం" అని పెట్టేసింది.

మూడింటికి వినయ్ పరుగున వచ్చాడు. "సారీ అంకుల్, హాలు టైమైపోయింది. నెక్స్ట్ టైం పక్కా. కోట్లు అక్కడ పెట్టేయండి" అన్నాడు. పన్నెండుమందీ ఎర్రకోట్లు విప్పి ఆ కుర్చీల మీదే మడతపెట్టారు.

 వ్యాను నందిగామ దగ్గర పడ్డాక అన్నయ్య నోరు తెరిచాడు. "ఎవరూ చెప్పబాకండి. వాయించామనే చెబుదాం. ఆ మాత్రం మిగలనివ్వండి దేవమణికి." అందరూ తలొంచుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

మేం వెళ్లేసరికి సమాధి మీద మట్టి ఆరిపోతోంది. బ్యాండు లేకుండానే తీసుకెళ్లారు. దారిలో ఉండబట్టలేక గ్రేసీ తన ఫోన్లో ఏదో కీర్తన పెట్టిందట, పెట్టె ముందు ఫోను పట్టుకుని నడిచిందట. ఇంటి దగ్గర ఆడవాళ్లు నేల కడుగుతున్నారు. దేవమణి గుమ్మంలోనే కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అన్నయ్యని చూడగానే లేచింది.

"వాయించారా అన్నయ్యా? ఆయన పాట విన్నారా అందరూ?"

"వాయించామమ్మా. అందరూ విన్నారు."

"కూర్చునే విన్నారా?"

"కూర్చునే."

దేవమణి ఏడుస్తూనే నవ్వింది. "పోన్లే. ఆయన ఆగినందుకు దక్కింది" అంది. పేటంతా ఆ మాటే పట్టుకుంది. రత్నబాబు పాట కోమట్ల పెళ్లిలో స్టేజీ మీద మోగిందని ఆదివారం గుళ్లో సాక్ష్యం చెప్పారు. అన్నయ్య వెనక వరసలో కూర్చుని విన్నాడు. ఆ వారం నుంచి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ట్రంపెట్ సంచిలోంచి తీయలేదు. నిజం చెప్పేద్దాం అన్నయ్యా అని నేను రెండుసార్లు అన్నాను గానీ, ఆ అనడంలో నాకే గట్టిదనం లేదు. ఆయన చెప్పకపోతే నా "ఇంకో గంట"లు కూడా దాగి ఉంటాయి కదా.

పదహారో రోజున జ్ఞాపకార్థ కూడిక. టెంటు వేశారు. ప్రార్థన అయ్యాక భోజనాలకి ముందు గ్రేసీ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నిఖిత పెళ్లి వీడియో యూట్యూబులో పెట్టారు! మాఁవయ్య ఉన్నాడు ఇందులో!"  అన్నయ్య లేచి వెళ్లబోయాడు. దేవమణి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఉండన్నయ్యా, ఆయన పాట నీ పక్కనే కూర్చుని ఇంటా." ఆడవాళ్లంతా మూగారు.

ఎర్రకోట్లు కనపడగానే పేట పేటంతా ఈలలు వేసింది. పాట వస్తోంది. దేవమణి మొదట నవ్వుతూనే చూసింది. తర్వాత ఫోను దగ్గరగా తెచ్చుకుంది. క్లారినెట్ వాడితో ముప్పై అయిదేళ్లు కాపురం చేసిన మనిషి. ఏ స్వరానికి ఏ వేలు లేస్తుందో చూస్తూ చూస్తూ అన్నం వండింది. వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూసింది. 

"అన్నయ్యా, నీ వేళ్లు కదలట్లేదే" అంది.

అన్నయ్య తల వాల్చేశాడు.

"ఇది ఆయన పాట కాదు. ఎవరూ ఊదట్లేదు. దీనికా ఆయన్ని నీళ్లు కారేదాకా ఆపించావు?"

"అవునమ్మా" అన్నాడు మా అన్నయ్య. ఆ ఒక్క మాటా పేటంతటికీ వినపడింది.

దేవమణి ఫోను గ్రేసీకి ఇచ్చి, నా వైపు తిరిగింది.

"నాలుగుసార్లు ఫోన్ చేశాం అక్కా. మూడుసార్లు ఇంకో గంట, ఇంకో గంట అన్నావు. నువ్వు అక్కడే కూర్చుని చూస్తన్నావుగా?"

టెంటు కింద నూటయాభైమంది ఉన్నారు. ఒక్కరు మాట్లాడితే ఒట్టు.

"చూస్తూనే ఉన్నాను" అన్నాను.